విజయవాడ శివార్లలో ఇల్లు, పిల్లల స్కూలు: ఏ వైపు వెళ్తే ఎవరికి నయం?

జూన్ 12న బడులు తెరుస్తారు. అందుకే మన ఊళ్లో అద్దె ఇళ్ల వేట అంతా ఏప్రిల్, మే నెలల్లోనే. మాడిపోయే ఎండలో బండి మీద టులెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరగడం, సాయంత్రానికి ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చోవడం. మేం మూడేళ్లలో రెండుసార్లు ఈ పని చేశాం. మొదటిసారి తప్పులో కాలేశాం. రెండోసారి కొంచెం తెలివొచ్చింది.

"పోరంకి మంచిదా, నిడమానూరు మంచిదా? మంగళగిరి అయితే చవకట కదా?" అని అడిగే ప్రతివాళ్లకూ నేను ముందు చెప్పేది, ఏరియా పేరు కాసేపు పక్కన పెట్టమని. స్కూలు గేటు నుంచి మీ గుమ్మం దాకా ఉన్న దారి ఎలా ఉందో చూడండి. పిల్లల భద్రత, నెల ఖర్చు, చివరికి చదువు కూడా ఆ దారి మీదే ఆధారపడి ఉంటాయి.

మా సంగతే చెప్తాను. పెద్దది మూడో తరగతిలో ఉండగా సిటీ అద్దెలు భరించలేక కంకిపాడు దాటి లోపలికి వెళ్లాం. ఇల్లు బ్రహ్మాండం. పెరట్లో జామచెట్టు, పైన గాలి, ఎనిమిది వేల అద్దె. స్కూలు మాత్రం పాతదే, పటమట వైపు. పొద్దున 6.50కి వ్యాను. సాయంత్రం అది ఇల్లు చేరేసరికి ఐదున్నర. యూనిఫాం విప్పకుండానే సోఫాలో నిద్రపోయేది. ఒకరోజు వ్యాను పంక్చరైంది. డ్రైవరు పిల్లల్ని పోరంకి సెంటర్లో దింపేసి, వేరే ఆటో మాట్లాడదామని వెళ్లాడు. మాకు తెలిసినాయన ఒకరు అటుగా వస్తూ చూశారట. మా పిల్ల చేతిలో వాటర్ బాటిల్ పట్టుకుని, భుజాన బ్యాగుతో, బందరు రోడ్డు డివైడర్ మీద నిలబడి ఉందట. రెండు వైపులా లారీలు. ఆ ఫోను నేను బ్యాంకులో కౌంటర్లో ఉండగా వచ్చింది. ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పేశాం.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది దారి. ఇంటికీ స్కూలుకూ మధ్య హైవే దాటాలా? గోడ లేని కాలువ గట్టు ఉందా? రైల్వే గేటు ఉందా? ఈ మూడింటిలో ఒక్కటున్నా, పిల్ల ఏడో తరగతికి వచ్చేదాకా రోజూ మనమో వ్యానో తప్పనిసరి. ఏదీ లేకపోతే నాలుగో తరగతి నుంచే పక్కింటి పిల్లలతో కలిసి నడిచి వెళ్లిపోతుంది. అక్కడే నెలకు వేలల్లో తేడా వస్తుంది.

రెండోది స్కూలు అసలు సంగతి. బోర్డు మీద "సీబీఎస్‌ఈ ప్యాటర్న్", "సీబీఎస్‌ఈ కరిక్యులం" అని రాసుంటే ఆగి ఆలోచించండి. అనుబంధం ఉన్న స్కూలుకు సీబీఎస్‌ఈ ఇచ్చిన నంబరు ఉంటుంది. బోర్డు వెబ్‌సైట్లో స్కూలు పేరు కొట్టి చూస్తే ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మేం వెళ్లిన ఒక స్కూల్లో ఆ నంబరు అడిగితే, "అప్లై చేశాం మేడమ్, వచ్చేస్తుంది" అన్నారు. రెండేళ్ల తర్వాత మా తోడికోడలు వెళ్లి అడిగితే ఆవిడకూ అదే మాట. స్టేట్ సిలబస్ స్కూలైతే గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో అడగండి. కొన్నిచోట్ల ఏడు వరకే గుర్తింపు ఉంటుంది. పదో తరగతి పిల్లల పేర్లు వేరే స్కూలు రిజిస్టర్లో ఉంటాయి. హాల్‌టికెట్ మీద ఎప్పుడూ చూడని స్కూలు పేరు వచ్చినప్పుడు గానీ తల్లిదండ్రులకు తెలియదు. గుర్తింపు కాగితం చూపించమని అడగడానికి మొహమాటం వద్దు. మనం కట్టేది లక్షల్లో.

బోర్డు పేరు కోసమే ఇల్లు మారేవాళ్లకు ఇంకో మాట. మన రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈలోకి మార్చారు, 2024లో మళ్లీ స్టేట్ బోర్డుకే తెచ్చారు. బోర్డులు మారుతుంటాయి. నాలుగేళ్లుగా అదే టీచర్లు ఉన్నారా, ఆడుకునే స్థలం ఉందా అన్నవి అంత తేలిగ్గా మారవు. అపార్ట్‌మెంటుకు రంగేసి స్కూలు బోర్డు తగిలించినవి మన ఊళ్లో వీధికొకటి. పీఈటీ పీరియడ్‌లో పిల్లలు ఎక్కడ ఉంటారని అడగండి. జవాబు "సెల్లార్" అయితే మీకే అర్థమవుతుంది.

మూడోది నీళ్లు. తాగే నీళ్లూ, ముంచే నీళ్లూ. ముంచే నీళ్ల సంగతి ఏరియాల దగ్గర, వాడుకునే, తాగే నీళ్ల సంగతి చివర్లో చెప్తాను.

నాలుగోది ఖర్చు. అద్దె ఒక్కటే చూసేవాళ్లే ఎక్కువ, మొదటిసారి మేమూ అంతే. ఒక లెక్క వేద్దాం. స్కూలుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇంటికి 14,000 అద్దె అనుకోండి. దూరంగా వెళ్తే 9,000. ఐదు వేలు మిగిలినట్టే కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలకు వ్యాను తలా 1,500 చొప్పున 3,000. ఆయన ఆఫీసుకు రోజూ అదనంగా 28 కిలోమీటర్లు, నెలకు 26 రోజులంటే 728 కిలోమీటర్లు. బండి 45 ఇస్తే 16 లీటర్ల పైచిలుకు, లీటరు 110 చొప్పున 1,780 రూపాయలు. మొత్తం 13,780. మిగిలింది అక్షరాలా 220 రూపాయలు. వ్యాను డబ్బు పది నెలలకే కదా అంటారా, అయితే 720. దీనికోసం పిల్ల రోజుకు రెండు గంటలు వ్యానులో కూర్చుంటుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి కానీ కాగితం మీద ఈ లెక్క వేయకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

బందరు రోడ్డు వైపు: కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు

మధ్యతరగతి వాళ్లు ముందు చూసేది ఈ వైపే. కారణం లేకపోలేదు. బెంజి సర్కిల్ దాటగానే మొదలై కంకిపాడు దాకా ఒకటే తిన్నని రోడ్డు, బస్టాండ్ నుంచి ఉయ్యూరు వైపు నిమిషాల మీద బస్సులు, కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ, రోడ్డుకు రెండు వైపులా అన్ని రకాల స్కూళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు ఈ రోడ్డు ఇంకా కలిసొచ్చింది. నేను రోజూ బస్సులోనే గవర్నర్‌పేట వెళ్తున్నాను.

ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు రోడ్డుకు ఏ పక్క అన్నది ముఖ్యం. బెంజి సర్కిల్ నుంచి పోరంకి వైపు వస్తుంటే ఎడమ చేతి వైపు ఆటోనగర్, తర్వాత తాడిగడప నుంచి ఎనికేపాడు వెళ్లే హండ్రెడ్ ఫీట్ రోడ్డు, ఆ పైన పోరంకి నుంచి నిడమానూరు వెళ్లే రోడ్డు. కుడి చేతి వైపు యనమలకుదురు, కరకట్ట, కృష్ణ. స్కూలు ఏ పక్క ఉందో ఇల్లూ ఆ పక్కే తీసుకోండి. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య ఈ రోడ్డు దాటడమంటే పెద్దవాళ్లకే ప్రాణం మీదకొస్తుంది. రోడ్డుకు అవతల వెయ్యి రూపాయలు తక్కువకు దొరికినా నాకు అక్కర్లేదు.

ఎడమ పక్క ఆటోనగర్‌కు ఆనుకుని ఉన్న వీధుల్లో అద్దెలు కాస్త తక్కువ. కానీ లారీలు, వెల్డింగు చప్పుడు, గ్రీజు దుమ్ము. మా ఆయన పని అక్కడే కాబట్టి తీసుకుందామనుకున్నాం. ఒక శనివారం సాయంత్రం ఆ వీధిలో అరగంట నిలబడ్డాం. పిల్లాడు సైకిల్ తొక్కడానికి జాగా లేదు. వదిలేశాం. హండ్రెడ్ ఫీట్ రోడ్డు పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు బాగుంటాయి, అద్దె కూడా అందుకు తగ్గట్టే.

కుడి పక్క యనమలకుదురు ఈ వైపు అన్నిటికంటే చవక. ఇరుకు సందులు, చిన్న ఇళ్లు, శివరాత్రికి కొండ మీద రామలింగేశ్వరుడి దగ్గరకు వచ్చే ప్రభలు చూడాల్సిందే. ఊళ్లో ఇల్లయితే ఫరవాలేదు. కరకట్టకు నది వైపు మాత్రం చూడకండి. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 2009లో వచ్చింది 11.10 లక్షలు. పదిహేనేళ్లలో రెండుసార్లు అంత నీరు వచ్చిందంటే, గట్టుకు లోపలున్న ఇంటి అద్దె చవక ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తట్టదు. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి కలిపి తాడిగడప మునిసిపాలిటీ చేశారు. పెనమలూరు, కంకిపాడు పంచాయతీలు. ఇది రెండు చోట్ల తేడా తెస్తుంది. ఒకటి, మీ పిల్లాణ్ని ఆరో తరగతిలో నవోదయకు రాయించాలనుకుంటే, అక్కడ 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతం వాళ్లకే. ఆ కోటా రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. రెండో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడే ఆలోచించాల్సిన విషయం. రెండోది, బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం. 2025లో ఇచ్చినప్పుడు పెట్టిన నిబంధనల్లో, మునిసిపాలిటీ పరిధిలో వెయ్యి చదరపు అడుగులు దాటిన సొంతిల్లు ఉంటే అర్హత పోతుందని ఉంది. అద్దెకుండే వాళ్లకు ఈ బాధ లేదు. ఫ్లాటు కొనేవాళ్లు, తెల్ల కార్డున్న వాళ్లు, ఇద్దరు పిల్లలుంటే ఏటా చేతికొచ్చే 26,000 సంగతి ఒకసారి లెక్కలోకి తీసుకోండి.

ఏలూరు రోడ్డు వైపు: రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు

ఇక్కడ జాగా విశాలం. గన్నవరం దాకా కొత్త లేఅవుట్లు, గాలి వెలుతురు ఉన్న ఇళ్లు. నిడమానూరులో ఢిల్లీ పబ్లిక్ స్కూలుంది. పెద్ద ప్రాంగణాలున్న కార్పొరేట్ స్కూళ్లూ, హాస్టళ్లూ ఈ వైపే ఎక్కువ. ఆటస్థలం కావాలనుకునే వాళ్లు మొదట ఇటు చూడటం సబబే.

కానీ ఇక్కడి మెయిన్ రోడ్డే జాతీయ రహదారి 16. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీలు మన పిల్లల స్కూలు ముందు నుంచే. స్కూలు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కానీ అక్కడికి చేరాలంటే యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి. లేకపోతే జనం చేసేదేమిటో తెలుసుగా, రాంగ్ రూట్. ముందు పిల్లాడు, వెనక పాప, మధ్యలో బ్యాగు, ఎదురుగా బస్సు. ఈ వైపు ఇల్లు తీసుకుంటే హైవే ఎక్కకుండా లోపలి రోడ్ల మీదే స్కూలుకు వెళ్లే దారి ఉందా అని చూసుకోండి. ప్రసాదంపాడు, ఎనికేపాడు లోపలి వీధుల్లో అలాంటివి దొరుకుతాయి. దొరక్కపోతే స్కూలు బస్సే గతి, ఆ డబ్బు అద్దెలో కలిపి చూసుకోవాలి.

బుడమేరు వాగు ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దాటి కొల్లేరు వైపు పోతుంది. దాని పక్కనున్న లోతట్టు లేఅవుట్లో ఇల్లు చూస్తుంటే 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఓనర్ని కాదు, పక్కన కిరాణా కొట్టు ఆయన్ని అడగండి.

ఎయిర్‌పోర్టు, గన్నవరం, హనుమాన్ జంక్షన్ వైపు పనిచేసేవాళ్లకు ఈ వైపు మంచిది. వన్‌టౌన్‌లో వ్యాపారం ఉన్నవాళ్లకు కాదు.

సింగ్‌నగర్, పాయకాపురం, నున్న వైపు

ఇక్కడి పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది 2024 సెప్టెంబర్ 1. బుడమేరు మళ్లింపు కాలువ గట్లు తెగి, రాత్రికి రాత్రి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయాయి. కొన్ని కాలనీల్లో వారం దాటినా నీళ్లు పోలేదు. పడవల్లో పాలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. తర్వాత గట్లు బాగుచేశారు గానీ, మబ్బు పడితే అక్కడివాళ్లు ఇప్పటికీ ఫోన్లు చేతిలో పట్టుకునే ఉంటారు.

అలాగని ఈ వైపు పనికిరాదని నేననను. సిటీకి ఇంత దగ్గరగా ఇంత తక్కువ అద్దెకు వేరే చోట దొరకదు. రైల్వే స్టేషన్, సత్యనారాయణపురం దగ్గర. ప్రభుత్వ బడులున్నాయి, చిన్న ప్రైవేటు స్కూళ్లున్నాయి. ఒకే జీతం మీద ఇద్దరు పిల్లల్ని చదివించే ఇల్లయితే, దూరంగా పోయి వ్యానులకు పోయడం కంటే ఇక్కడ ఉండి మిగిలిన డబ్బు మంచి స్కూలు ఫీజుకు పెట్టడం నయం కావచ్చు. షరతు ఒక్కటే, కింద పోర్షన్ వద్దు. మా బంధువులు ఒకాయన పాయకాపురంలో రెండో అంతస్తులో ఉంటారు. వరదలో వాళ్ల స్కూటర్ పోయింది, కానీ పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు, బియ్యం భద్రం. కింద పోర్షన్ వాళ్లకు గ్యాస్ బండ తప్ప ఏమీ మిగల్లేదు. ఇల్లు చూసేటప్పుడు గోడ మీద నీళ్ల గీత కోసం చూడండి. కొత్త సున్నం వేసినా మెట్ల కింద, మీటర్ పెట్టె వెనక ఆ గీత పోదు.

కృష్ణ అవతల: తాడేపల్లి, కుంచనపల్లి, మంగళగిరి

వారధి దాటితే జిల్లా మారుతుంది, గుంటూరు. 2021లో రెండు పురపాలికలూ చుట్టుపక్కల ఊళ్లూ కలిపి మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్ చేశారు. ఎయిమ్స్ వచ్చాక మంగళగిరి రూపమే మారిపోయింది. వడ్డేశ్వరంలో కేఎల్ యూనివర్సిటీ, కుంచనపల్లిలో వరుసగా అపార్ట్‌మెంట్లు.

ఒకరికి విజయవాడలో, ఒకరికి గుంటూరులో ఉద్యోగం ఉన్న జంటకు మంగళగిరిని మించినది లేదు. బస్సులకు లోటు లేదు, విజయవాడ-గుంటూరు రైళ్లూ ఆగుతాయి. వెలగపూడి సచివాలయంలో పనిచేసేవాళ్లకు కూడా ఇదే. కానీ ఇంట్లో ఇద్దరి పనీ విజయవాడలోనే, పిల్లల స్కూలూ అక్కడే ఉంచుతామంటే మాత్రం ఇటు రాకండి. పొద్దున వారధి మీద ట్రాఫిక్ ఆగితే ఇక దేవుడే దిక్కు. బ్యారేజీ మీదికి స్కూలు బస్సుల్లాంటి పెద్ద బళ్లను రానివ్వరు. వస్తే పిల్లల స్కూలు కూడా ఇటే మార్చుకుని రావాలి.

కొనడం మీద ఒక మాట. ఇక్కడి ధరలు రాజధాని మాటతో లేస్తాయి, రాజధాని మాటతోనే పడతాయి. 2014 తర్వాత లేచాయి, 2019 తర్వాత చల్లబడ్డాయి, 2024 నుంచి మళ్లీ లేచాయి. పిల్లల చదువు కోసం వచ్చేవాళ్లు రెండేళ్లు అద్దెకుండి చూడటమే నయం.

గొల్లపూడి, భవానీపురం

వన్‌టౌన్ వ్యాపారులకు, హోల్‌సేల్ కాంప్లెక్సులో కొట్లున్న వాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇది రెండో ఎంపికే. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక సిటీలోకి రావడం సులువైంది, అది నిజమే. కానీ గొల్లపూడి వన్ సెంటర్ చుట్టూ సరుకు లారీల రద్దీలో పిల్లల్ని నడిపించలేం. భవానీపురం లోపలి కాలనీలు నయం, ప్రశాంతంగా ఉంటాయి. ఇంకా ముందుకు, ఇబ్రహీంపట్నం వైపు చవకగా వస్తాయి గానీ థర్మల్ కేంద్రం బూడిద ఉంటుంది. ఆయాసం ఉన్న పిల్లలుంటే అక్కడికి వెళ్లొద్దని నేను నిక్కచ్చిగా చెప్తాను.

నా లెక్కలో ఈ వైపులన్నీ ఇలా ఉంటాయి. మీ పని ఎక్కడో దాన్ని బట్టి ఇది మారుతుంది.

| వైపు | అద్దె | స్కూళ్ల ఎంపిక | దారిలో భయం | వరద భయం |
|---|---|---|---|---|
| కానూరు, తాడిగడప, పోరంకి | మధ్యస్థం, సిటీకి దగ్గరైతే ఎక్కువ | చాలా ఎక్కువ | బందరు రోడ్డు దాటాల్సి వస్తే | కరకట్ట లోపల మాత్రమే |
| పెనమలూరు, కంకిపాడు | తక్కువ | మధ్యస్థం | సిటీ స్కూలైతే దూరం | తక్కువ |
| ప్రసాదంపాడు, నిడమానూరు | మధ్యస్థం | ఎక్కువ, పెద్ద ప్రాంగణాలు | హైవే వల్ల ఎక్కువ | బుడమేరు పక్కన |
| సింగ్‌నగర్, పాయకాపురం | అన్నిటికంటే తక్కువ | చిన్న స్కూళ్లు, ప్రభుత్వ బడులు | ఇరుకు వీధులు, ఆటోలు | ఎక్కువ |
| తాడేపల్లి, మంగళగిరి | ఊరు బట్టి చాలా తేడా | పెరుగుతోంది | స్కూలు ఇటే ఉంటే తక్కువ | నది పక్క వీధుల్లో |
| గొల్లపూడి, భవానీపురం | మధ్యస్థం | మధ్యస్థం | సరుకు లారీలు | కొన్ని కాలనీల్లో |

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగస్తులై, ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే అద్దె రెండు వేలు ఎక్కువైనా స్కూలుకు అర కిలోమీటరులో ఇల్లు తీసుకోండి. సాయంత్రం నాలుగుంపావు నుంచి ఆరున్నర దాకా పిల్లలు ఎక్కడుంటారన్నదే మీ అసలు సమస్య. దగ్గరైతే పక్కింటివాళ్లు చూస్తారు. దూరమైతే డేకేర్, ట్యూషన్, మళ్లీ ఖర్చు.

అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా కలిసి ఉంటే కొంచెం దూరం వెళ్లవచ్చు. కానీ వాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టు లేని రెండో అంతస్తు వద్దు. పిల్లల సంగతి చూసుకుంటూ పెద్దవాళ్లను మరిచిపోతాం.

పెద్ద పిల్ల ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటే ఇప్పుడు ఇల్లు మారకండి. రెండేళ్లు ఓపిక పట్టి ఇంటర్ కాలేజీ ఎక్కడో తేలాక మారండి. పదో తరగతి మధ్యలో టీసీలు, రికార్డులు, కొత్త స్కూలు అంటే పిల్లకు అనవసరమైన టెన్షన్.

ఒకటో తరగతిలో చేరే పిల్లలుండి ఆదాయం తక్కువైతే విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం ఉచిత సీట్లకు దరఖాస్తు చేయండి. స్కూలుకు దగ్గర ఇళ్లకే ముందు ప్రాధాన్యం. అంటే ఇంటి అడ్రసు ఇక్కడ డబ్బుతో సమానం. నోటిఫికేషన్ వచ్చాక ఇల్లు మారితే ఆధార్‌లో అడ్రసు మార్చేసరికి గడువు అయిపోతుంది. ముందే మారి, అద్దె అగ్రిమెంటు చేయించుకుని ఉండండి.

ప్రభుత్వ బడి గురించి మనవాళ్లకు ఇంకా చిన్నచూపు. మా వీధిలో ఇద్దరు టీచర్ల పిల్లలు జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదువుతున్నారు. నాడు-నేడు పథకంలో చాలా బడులకు మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బెంచీలు వచ్చాయి. ఆటస్థలం సంగతి చెప్పక్కర్లేదు, మన ప్రైవేటు స్కూళ్లు కలలో కూడా చూడనంత. లోపలికి వెళ్లి ఏ తరగతికి ఎంతమంది టీచర్లున్నారో, సబ్జెక్టు పోస్టులేమైనా ఖాళీగా ఉన్నాయేమో కనుక్కోండి. లెక్కలకు, ఇంగ్లీషుకు టీచరుంటే నేనైతే వెనకాడను.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సాయంత్రం

స్కూల్లో చేర్చే ముందు అందరం పొద్దున వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలుస్తాం. ఏసీ రూము, బ్రోచరు, నవ్వులు. అది కాదు. సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్లి, ఎదురుగా టీ బండి దగ్గర నిలబడండి. మేం పోరంకిలో అలాగే చేశాం. ఒక స్కూలు ముందు గేటు తెరవగానే పిల్లలు గుంపుగా రోడ్డు మీదకొచ్చారు. ఒక ఆటోలో పదకొండు మందిని లెక్కపెట్టాను, డ్రైవరుకు అటొకడు ఇటొకడు, బ్యాగులన్నీ బయట వేలాడుతూ. అదే వీధి చివర ఇంకో చిన్న స్కూలు. అక్కడ వాచ్‌మన్ ఒక తాడు పట్టుకుని నిలబడ్డాడు, టీచరమ్మ పేరు పిలిచి తల్లి మొహం చూసి గానీ పిల్లని పంపడం లేదు. ఆలస్యమవుతోందని తల్లులు విసుక్కుంటున్నారు. మా ఆయన నా వైపు చూశాడు. అక్కడే ఖాయమైంది.

వ్యాను తప్పనిసరైతే బండి నంబరు రాసుకుని ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. పసుపు రంగు బస్సు కాకుండా సొంత వాడకానికి రిజిస్టరైన మారుతీ వ్యాను పంపిస్తే ఒప్పుకోకండి.

ఇంటి దగ్గర రెండు పనులు. బోరు నీళ్లు ఒక బకెట్లో పట్టి, పాత బకెట్ అంచుల్లో తెల్ల పొర కట్టిందేమో చూడండి. కట్టి ఉంటే గీజరు, వాషింగ్ మెషిన్, మీ జుట్టు, మూడూ మర్చిపోవచ్చు. మంచినీళ్ల పంపు రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా అని అడగండి. రెండోది, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి ఆ వీధిలో నడవండి. దీపాలు వెలుగుతున్నాయా, మూలన వైన్ షాపు ఉందా, కుక్కల గుంపు ఉందా. ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల నడిచేది ఆ వీధిలోనే.

ఇప్పుడు మేమున్న ఇల్లు పోరంకిలో, బందరు రోడ్డుకు ఎడమ పక్క లోపలికి. అద్దె 11,500, మెయింటెనెన్సు వేరే. కంకిపాడు ఇంటి కన్నా చిన్నది, జామచెట్టు లేదు. పెద్దది, చిన్నోడు ఇద్దరూ ఎదురింటి పిల్లలతో కలిసి ఎనిమిది నిమిషాల్లో నడిచి వెళ్తారు. చిక్కల్లా ఒకటే, ఆ చిన్న స్కూలు ఏడు వరకే. పెద్దది ఆరు అయిపోయి జూన్‌లో ఏడుకొస్తుంది. అందుకే వచ్చే వేసవికి మళ్లీ ఏ గేటు ఎదురుగానో టీ గ్లాసు పట్టుకుని నిలబడాలి. ఈసారి తాడిగడప వైపు చూద్దామంటున్నాడు మా ఆయన. రోడ్డుకు ఎడమ పక్కయితేనే అన్నాను.